పాదాల సంరక్షణ, మూడో పాఠం: మడమకు ముందు తడి, ఆ తర్వాతే జిడ్డు

రెండో పాఠంలో మడమలు నానబెట్టి ప్యూమిస్ రాయితో రుద్దడం చూశాం. ఆ తర్వాత వచ్చిన ఫిర్యాదులు దాదాపు అన్నీ ఒకే రకం: మడమ మండుతోంది, ఎర్రబడింది, రెండు రోజులు నున్నగా ఉండి మళ్లీ మునుపటికన్నా గరుకుగా తయారైంది. ఈ రోజు క్రీములు మొదలుపెడదామనుకున్నాం కానీ, మండే మడమ మీద క్రీము పాఠం సాగదు. కాబట్టి ముందు రాయి సంగతే తేల్చుకుందాం.

మంట పుట్టిందంటే ఎక్కువ రుద్దారన్నమాట. చాలామంది మడమ నున్నబడేదాకా రుద్దారు. నునుపు రాకముందే ఆపాలి. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే ఒంటి మీద చాలాచోట్ల చర్మం పైనుండే మృతకణాల పొర మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం కూడా ఉండదు. మడమ దగ్గర అది మిల్లీమీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఒంటి బరువు మోయాలి కాబట్టి ఆ మందం అక్కడ అవసరం. ఒరిపిడి పెరిగేకొద్దీ చర్మం ఆ పొరను ఇంకా మందం చేసుకుంటుంది. రోజూ రాయి పెట్టి రుద్దడం కూడా ఒరిపిడే. రెండు రోజుల నునుపు తర్వాత గరుకు పెరిగిందంటే కారణం అదే.

వారానికి రెండుసార్లు చాలు. రాయీ తడిగా ఉండాలి, మడమా తడిగా ఉండాలి. ఒక్కో మడమకు పది పదిహేను సార్లు, ఒకే దిక్కుకి, చేతి బలం వాడకుండా. చర్మం గులాబీ రంగుకు తిరిగినా, వెచ్చగా అనిపించినా వెంటనే ఆపేయండి. రాయి అంచును పగులులోకి దూర్చకండి. పగులులో ఎర్రగా కనిపించినా, నెత్తురు వచ్చినా అది పూడేదాకా రాయి ముట్టుకోవద్దు. ఇనుప గీకుడు పరికరాలు, బ్లేళ్లు అసలే వద్దు. నానిన చర్మమంతా తెల్లగా ఉబ్బి ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, చచ్చిన పొర ఎక్కడ అయిపోయి బతికున్న చర్మం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. రాయి అయితే తప్పు చేసినా నెమ్మదిగా చేస్తుంది, బ్లేడు ఒక్క గీతలో చేసేస్తుంది.

నానబెట్టడం కూడా అతి అయింది. అరగంట సేపు, పైగా నీళ్లలో సబ్బు. చర్మంలో నీటిని పట్టి ఉంచే పదార్థాలు సహజంగానే ఉంటాయి: యూరియా, లాక్టిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు. ఎక్కువసేపు నానిస్తే ఇవి నీళ్లలోకి జారిపోతాయి. పాదం బయటికి తీశాక పట్టి ఉంచేవాళ్లు లేక తడి ఇట్టే ఆరిపోతుంది. ఐదు నుంచి పది నిమిషాలు, గోరువెచ్చని నీళ్లు, సబ్బు లేకుండా. అంతే.

ఇప్పటికే మంట ఉన్నవాళ్లు ఓ వారం రాయి పక్కన పెట్టండి. కింద చెప్పబోయే యూరియా క్రీము కూడా అప్పటిదాకా వద్దు. తడి మడమ మీద పెట్రోలియం జెల్లీ (వ్యాజిలిన్) ఒక్కటే రాయండి.

ఇక అసలు పాఠం. అరికాలిలో చెమట గ్రంథులు బోలెడున్నాయి కానీ నూనె గ్రంథులు ఒక్కటీ లేవు. ముఖానికి ఉన్నట్టు సొంత జిడ్డు దానికి లేదు. పై పొరలో నీరు ఉన్నంతసేపు అది వంగుతుంది, సాగుతుంది. నీరు పోతే బిరుసెక్కుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ మడమ కింది కొవ్వు మెత్త పక్కలకు ఉబ్బుతుంది, బిరుసెక్కిన అంచు ఆ ఒత్తిడికి సాగలేక చీలుతుంది. పగుళ్లు మడమ అడుగున కాకుండా అంచు చుట్టూ రావడానికి కారణమిదే. వెనక పట్టీ లేని చెప్పుల్లో ఆ ఉబ్బును ఆపేది ఏదీ ఉండదు కాబట్టి పగుళ్లు ఇంకా తొందరగా వస్తాయి.

బొటనవేలితో మడమ అంచును మెల్లగా పక్కకు లాగి చూడండి. సన్నని తెల్లగీతలు కనిపించి, లాగినా తెరుచుకోకపోతే అది ఉత్త పొడితనం. గీత నోరు తెరిచి లోపల గులాబీ రంగు కనిపిస్తే అది నిజమైన పగులు.

ఇప్పుడు అందరూ పడే గోతి. పొడి మడమ మీద వ్యాజిలిన్ రాసి పడుకోవడం. ఇది ఎంత చెప్పినా మానరు, అందుకే కాస్త విడమరిచి చెప్పాలి. వ్యాజిలిన్‌లో నీరు లేదు, అది నీరు ఇవ్వదు. చర్మంలో ఉన్న నీరు గాలిలోకి పోకుండా మూత వేస్తుంది. ఖాళీ కుండకు మూత పెడితే కుండ నిండుతుందా? పొద్దున్న చెప్పు తొడిగింది మొదలు రాత్రి దాకా ఆరిన మడమ మీద రాస్తే చేతికి నున్నగా తగులుతుంది, పొద్దున్నే తుడిస్తే బిరుసు చాలావరకు అలాగే ఉంటుంది. నూనె సంగతీ అంతే, పైగా నూనె వ్యాజిలిన్ అంత గట్టి మూత కూడా కాదు. స్నానం చేసి, ఒళ్లు తుడుచుకుని, బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, అప్పుడు తీరిగ్గా పాదాలకు రాసేవాళ్లదీ ఇదే తప్పు, ఈలోపు పాదం ఆరిపోయి ఉంటుంది. పొడి మడమకు వ్యాజిలిన్ పట్టించి దాని మీద సాక్సులు తొడిగేవాళ్లు మూతకు ఇంకో మూత పెట్టినట్టే. ముందు క్రీము, వెంటనే దాని మీద నీళ్లు చల్లేవాళ్లూ ఉన్నారు. జిడ్డు మీద పడిన నీరు కిందికి దిగదు.

వరుస ఇది. పాదాన్ని తడపండి. మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి. వేళ్ల సందులు పూర్తిగా ఆరాలి, మడమ మాత్రం చెమ్మగా మిగలాలి. మూడు నిమిషాల లోపు నీరు పట్టి ఉంచే క్రీము రాయండి. ఐదు నిమిషాలు ఆగి, దాని మీద వ్యాజిలిన్ పలుచగా. ఆపైన నూలు సాక్సులు. మంచం మీద కూర్చునే ఇదంతా చేయండి, సాక్సులు తొడగకుండా లేవకండి, జిడ్డు పాదం నేల మీద జారుతుంది.

కొలత: ట్యూబు నుంచి చూపుడువేలి కొస మొదలు మొదటి గీత దాకా క్రీము పిండితే దాదాపు అర గ్రాము. పాదమంతటికీ అలాంటివి రెండు పడతాయి. ఒక్క మడమకైతే అలాంటిదాన్లో సగం చాలు. వేళ్ల సందుల్లో ఎప్పుడూ రాయకండి, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ పెరుగుతుంది.

క్రీము డబ్బా మీద యూరియా శాతం చూడండి. 10 శాతం దాకా నీటిని పట్టి ఉంచడం దాని ప్రధానమైన పని. 20 దాటితే మందపు పొరను మెత్తబరిచి కరిగించడం మొదలెడుతుంది. 40 శాతం గోళ్లకు, ఆనెలకు వాడేది, దాని జోలికి పోకండి. నా ఓటు రోజూ 10 శాతానికే. 25 శాతం తొందరగా ఫలితం చూపుతుంది, కానీ తెరిచిన పగులులో భగ్గుమంటుంది. తెరిచిన పగులు ఉంటే ముందు వ్యాజిలిన్‌తో పూడనిచ్చి, తర్వాత యూరియాకు రండి. సువాసన ఉన్న క్రీములు పగుళ్లకు పనికిరావు. యూరియా క్రీము దొరక్కపోతే దగ్గరి దారి ఒకటుంది: ఒక వంతు గ్లిజరిన్‌లో మూడు వంతుల కాచి చల్లార్చిన నీళ్లు, ఏ రోజుకారోజు కలుపుకుని చెమ్మ మడమకు రాసి, పైన వ్యాజిలిన్. మిగిలింది దాచకండి, పారబోయండి.

నడిస్తే నొప్పెట్టే లోతు పగులుకు పగలు ప్లాస్టర్ పట్టీ వేయండి. పగులు వెంట కాదు, దానికి అడ్డంగా, రెండు అంచులూ దగ్గరికి లాగి అంటించాలి. అడుగు వేసినప్పుడు తెరుచుకోకపోతేనే అది పూడుతుంది.

వీటిలో కొన్ని చేయకూడని వాళ్లున్నారు. మధుమేహం ఉన్నవాళ్లు, పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు, కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు నానబెట్టడం, రాయి, మందపు పొరను కరిగించే సాలిసిలిక్ ఆమ్లం ఉన్న క్రీములు, ఈ మూడూ మానేసి పగులు కనిపించగానే డాక్టరుకు చూపించాలి. ఒక్క పాదమే పొడిగా పొట్టు రాలుతున్నా, వేళ్ల సందుల్లో దురద ఉన్నా, గోళ్లు పసుపురంగుకు తిరిగి మందమవుతున్నా అది ఫంగస్ కావచ్చు, ఏ క్రీము వరుసా దాన్ని తగ్గించదు. పగులు చుట్టూ వాపు, వేడి, చీము ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

సాధన, రెండు వారాలు. మంట, తెరిచిన పగుళ్లు లేనివాళ్లే చేయండి. ఎడమ మడమకు ప్రతి రాత్రీ పై వరుస మొత్తం. కుడి మడమకు పొడిగా ఉన్నప్పుడు వ్యాజిలిన్ మాత్రమే. రాయి ఏ మడమకూ వద్దు. రెండింటికీ సాక్సులు. మూడు రోజులకోసారి పొద్దున్నే, సాక్సులు తీసిన ఒక గంట తర్వాత, అదే కిటికీ వెలుతురులో రెండు అంచులనూ బొటనవేలితో లాగి, తెల్లగీతలు ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి. సాక్సులు తీసిన వెంటనే చూడకండి, అప్పుడు రెండూ నున్నగానే ఉంటాయి. మందం తగ్గడం ఈ రెండు వారాల్లో కనిపించదు, దానికి నెల పైనే పడుతుంది. తేడా చూశాక కుడి మడమకూ పూర్తి వరుస మొదలుపెట్టండి.

వచ్చే పాఠం గోళ్లు. అప్పటిదాకా కాలి బొటనవేలి గోరు మూలలు లోపలికి గుండ్రంగా కత్తిరించకండి, పెరగనివ్వండి.