పాత ఊరు, పక్కన పల్లెదారి: దగ్గరి ప్రయాణాన్ని రెండు రోజుల్లో సరిగ్గా చేయడం

"దగ్గరే కదా" అన్న ధీమాతోనే దగ్గరి ప్రయాణాలు సగం చెడతాయి. దూరాలకు వెళ్లేటప్పుడు నెల ముందు నుంచే లెక్కలు వేస్తాం. రెండు గంటల దూరంలోని కోట ఊరికి మాత్రం తొమ్మిది దాటాక తీరిగ్గా బయల్దేరతాం. తీరా చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది, మ్యూజియానికి ఆ రోజు సెలవు, బండి పెట్టడానికి చోటుండదు. పైగా ఒక్క పూటలో రెండు కోటలు, ఒక జలపాతం చుట్టేయాలన్న ఆశ ఒకటి. దగ్గరి చోటుతో ఉన్న సుఖమే, మిగిలింది మళ్లీ వచ్చి చూడొచ్చన్నది. అందుకే రెండు రోజులకు ఒక పాత ఊరు, దాని చుట్టుపక్కల ఒక నడక దారి చాలు.

దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో కొలవండి. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేదైతే ఒక వైపు 2 గంటలు, రాత్రి అక్కడే ఉండేదైతే 3 గంటలు దాటనివ్వొద్దు. ఫోన్ చూపించే సమయానికి పావు వంతు కలుపుకోండి. పెద్ద రోడ్డు దిగాక వచ్చే ఇరుకు దారిలో ఒక్క ట్రాక్టరు ముందు పడితే ఆ లెక్కలన్నీ తారుమారే.

ఊరిని ఎంచుకోవడానికి ఉపగ్రహ చిత్రం బాగా పనికొస్తుంది. దగ్గరగా చేసి చూస్తే ఒత్తుగా వంకర వీధులు, వాటి చుట్టూ గుండ్రంగా తిరిగే ఒక రోడ్డో పచ్చటి తోటల పట్టీయో కనిపిస్తే, చాలాసార్లు అది పాత కోటగోడ, కందకం ఉన్న చోటే. వియన్నాలో 1857లో చక్రవర్తి ఆజ్ఞతో గోడలు తీసేసిన చోటే ఇప్పుడు వలయ రహదారి ఉంది. పోలండ్‌లోని క్రాకోవ్‌లో అదే చోట పార్కు పెరిగింది. ఇటలీలోని లుక్కాలో అయితే ఇళ్ల మధ్య ఒక చౌకు కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. రోమన్ల నాటి క్రీడారంగం శిథిలాల మీదే ఆ ఇళ్లు కట్టుకోవడంతో ఆ ఆకారం అలాగే నిలిచిపోయింది. ఇలాంటి ఆనవాళ్లున్న ఊరు కాలినడకకు అనువుగా ఉంటుంది, ఎందుకంటే అది కాలినడకన తిరిగేవాళ్ల కోసం పెరిగిన ఊరు. ఒక్క కట్టడం తప్ప చుట్టూ అంతా కొత్తగా కట్టేసిన ఊరికి ఒక పూట చాలు, బస అక్కర్లేదు.

రోజు ఖాయం చేసుకునే ముందు నాలుగు సంగతులు కనుక్కోండి: వారపు సెలవు (చాలా దేశాల్లో మ్యూజియాలకు సోమవారం), మధ్యాహ్నం మూసే వేళలు, ఆఖరి టికెట్ ఎప్పుడిస్తారు, సంత ఏ రోజు. మూసేది ఐదింటికని రాసి ఉన్నా టికెట్లు అరగంటో గంటో ముందే ఆపేస్తారు. వెబ్‌సైట్‌లో వేళలు ఏళ్ల తరబడి మార్చనివి కావచ్చు, ఒకసారి ఫోన్ చేయడం మేలు. సంత రోజున ఊరు కళకళలాడుతుంది, కానీ బండి పెట్టుకోవడం నరకం. రెంటిలో ఏది కావాలో తేల్చుకోండి.

ఇక అసలు కిటుకు రాత్రి బస. పాత ఊరి లోపలే, కోటగోడకు ఆవల కాదు, గది తీసుకోండి. పగటి జనం సాయంత్రానికి వెళ్లిపోతారు. అప్పటి నుంచి చీకటి పడేదాకా, మళ్లీ పొద్దున్న తొలి రెండు గంటలు ఊరు మీదే. వెలుతురు కూడా ఆ వేళల్లోనే ఏటవాలుగా పడి రాతి చెక్కడాలు లేచి కనిపిస్తాయి. నడిమధ్యాహ్నం అదే గోడ చదునుగా, పాలిపోయినట్టు ఉంటుంది. కాబట్టి మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి, ఎండ వేళ మ్యూజియం లోపల గడిపి, సాయంత్రం వీధుల్లో తిరగండి. మర్నాడు పొద్దున్నే పల్లెదారి పట్టండి. బండిని గోడ బయటే వదిలేయండి. లోపలి సందుల్లో ఇరుక్కుంటే వెనక్కి తీయడానికి కూడా చోటుండదు.

ఊరు చూడటం ద్వారం దగ్గర మొదలుపెట్టండి. చాలామంది నడిబొడ్డున దిగి, కొండగుర్తులాంటి ఒక గోపురమో స్తంభమో ఫొటో తీసుకుని వెనక్కి వస్తారు. అసలు కథ గుమ్మంలోనే ఉంటుంది. కోట ద్వారం దాటగానే దారి ఎడమకో కుడికో చటుక్కున తిరిగితే, అది లోపలి ద్వారం తలుపులు పగలగొట్టే దూలాలకూ, ఏనుగులకూ పరుగు తీసే జాగా దొరక్కుండా చేసిన ఏర్పాటు. తిరిగే చోట శత్రువు వేగం తగ్గుతుంది, పైనుంచి కొట్టడానికి వీలవుతుంది. జపాన్‌లోని హిమెజి కోటలో ఇలాంటి మలుపుల మీద మలుపులు దాటితే గానీ ప్రధాన బురుజు చేరలేం.

తర్వాత ఒక్క గోడ దగ్గర పది నిమిషాలు ఆగండి. రాయి పేర్చేవాళ్లు కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు పడనివ్వరు, పడితే గోడ అక్కడ చీలుతుంది. కాబట్టి పైనుంచి కిందిదాకా ఒకే నిలువు గీతలా అతుకు కనిపించిందంటే, ఆ రెండు ముక్కలూ వేర్వేరు కాలాల్లో కట్టినవన్నమాట. మూసేసిన కిటికీ ఆకారం, ఉన్నట్టుండి మారిన ఇటుక కొలత, తలకిందులుగా పొదిగిన చెక్కడపు రాయి కూడా ఇలాంటి సాక్ష్యాలే. ఆ చివరిది దొరికితే పాత కట్టడాన్ని విప్పి ఆ రాళ్లతో కొత్తది కట్టారని తెలుస్తుంది. అరిగిపోయిన శాసనం చదవాలంటే టార్చిని ఎదురుగా వేయొద్దు. దాన్ని రాతికి దాదాపు ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి పట్టండి. అక్షరాల గాడిలో నీడ పడి, కంటికి ఆననివి కూడా తేలతాయి. సుద్దముక్క రుద్దడం, నీళ్లు చల్లడం మాత్రం చేయొద్దు, రాయి పాడవుతుంది. గైడును పెట్టుకుంటే ఎంతసేపు, ఏమేమి చూపిస్తారు, ఎంత తీసుకుంటారన్నది ముందే మాట్లాడుకోండి.

పల్లెదారికి లెక్క ఇంకాస్త గట్టిగా వేసుకోవాలి. స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: చదునుగా గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఇంకో 10 నిమిషాలు. 9 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కాలంటే 1 గంట 48 నిమిషాలకు 30 కలిపి 2 గంటల 18 నిమిషాలు. ఇందులో ఆగడాలు, ఫొటోలు లేవు. పిల్లలో పెద్దవాళ్లో ఉంటే సగం మళ్లీ కలపండి, అంటే దాదాపు మూడున్నర గంటలు. వెనుదిరిగే వేళ బయల్దేరే ముందే అనుకోండి. శిఖరం ఇంకో పావుగంటే ఉన్నా ఆ వేళకు తిరిగేయాలి. సూర్యాస్తమయానికి గంట ముందే దారి ముగిసేలా చూసుకోండి.

ఫోన్ గురించి ఒక అపోహ ఉంది. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, పనిచేయనిది మ్యాప్. ముందే డౌన్‌లోడ్ చేయకపోతే ఖాళీ తెర మీద నీలం చుక్క ఒక్కటే మిగులుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉండి ఛార్జి తాగేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, నేటి ఫోన్లలో జీపీఎస్ అప్పుడూ నడుస్తుంది. వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

నీళ్లు మనిషికి గంటకు అర లీటరు, ఎండ ఎక్కువుంటే ఇంకా. దాచుకుని చివర్లో తాగడం కన్నా మధ్యమధ్య గుక్కెడు తాగడమే మంచిది. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు. మడమ దగ్గర చురుక్కుమన్న క్షణమే ఆగి ప్లాస్టర్ అంటించండి. బొబ్బ లేచాక అంటిస్తే నొప్పి కాస్త తగ్గుతుందేమో గానీ నడక మాత్రం కుంటే.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు, అంతకన్నా తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, ఎందుకంటే శబ్దం కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. అప్పుడు గట్టి కప్పున్న ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి కదలండి.

పొలాల మధ్య వెళ్లేటప్పుడు ఒకరి వెనక ఒకరు నడవండి. బురద ఉందని పక్కకు తొక్కితే దారి ఏటేటా వెడల్పవుతూ పంటలోకి పాకుతుంది. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి: అవతల పశువులకు నీళ్ల దారి అదే కావచ్చు. దూడతో ఉన్న ఆవును చూస్తే రెంటి మధ్యలోకి వెళ్లకుండా దూరంగా చుట్టి పొండి. కారును పొలం గేటుకు అడ్డంగా ఎన్నడూ పెట్టొద్దు. ఖాళీగా కనిపించే ఆ జాగా పంట బండి మలుపు తిరగడానికి వదిలింది.

తిరుగు ప్రయాణం రెండో రోజు మధ్యాహ్నం రెండు మూడు గంటలకే పెట్టుకోండి. సెలవు చివరి సాయంత్రం నగరం వైపు వెళ్లే రోడ్లన్నీ ఒకేసారి నిండుతాయి. అలా కుదరకపోతే ఊళ్లోనే భోజనం చేసి, రద్దీ తగ్గాక రాత్రి ఎనిమిది తర్వాత కదలండి. నడిచి అలసిన వాళ్లే బండి నడపాల్సి వస్తే అప్పుడు మాత్రం మొదటి పద్ధతే ఖాయం చేసుకోండి.