ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చిందని ఫోనొస్తే...

ఇంటర్, డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో మా షాపులో కలర్ ప్రింట్లకు గిరాకీ పెరుగుతుంది. బస్టాండు పక్కన జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నాది. ఫోన్‌లో వచ్చిన పీడీఎఫ్ చూపించి, "అన్నా, కాస్త మందం పేపర్ మీద తియ్యి, ఎయిర్‌పోర్టులో జాబ్ వచ్చింది" అంటారు పిల్లలు. అప్పుడు వాళ్ల మొహం చూస్తే అది దొంగ కాగితమని చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పాలి. పోయిన వేసవిలో ఒకమ్మాయి ఇలాగే వచ్చింది. అప్పటికే ఒకసారి రూ.1,550, ఇంకోసారి రూ.5,800 కట్టేసింది. మూడో విడత రూ.12,500 కోసం వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టడానికి బజారుకెళ్లింది. గబగబా ఫోన్ చేసి వెనక్కి పిలిపించాం.

ఆ లెటర్ చూడ్డానికి మాత్రం దర్జాగా ఉంది. పైన పేరున్న విమానయాన సంస్థ లోగో, కింద నీలం రంగు గుండ్రటి ముద్ర, హెచ్ఆర్ మేనేజర్ సంతకం, ఒక మూల జీఎస్టీ నంబరు. పోస్టు దగ్గర మాత్రం "గ్రౌండ్ స్టాఫ్ / టికెటింగ్ / క్యాబిన్ క్రూ" అని మూడూ కలిపి కొట్టారు. జీతం 28,500, భోజనం, వసతి ఫ్రీ. మెయిల్ వచ్చింది జీమెయిల్ నుంచి. ఇంటర్వ్యూ ఎక్కడ జరిగిందమ్మా అని అడిగితే, "ఫోన్‌లోనే అన్నా, పది నిమిషాలు. పేరు, చదువు, ఇంగ్లీషు వస్తుందా అని అడిగి, సెలక్ట్ అయ్యారన్నారు" అంది.

లోగో, ముద్ర ఎవరైనా దింపేస్తారు. కాబట్టి కాగితం మీద తప్పులు వెతుక్కుంటూ కూర్చోకండి, ఇప్పుడు తప్పుల్లేని లెటర్లు కూడా వస్తున్నాయి. అసలు ఈ ఉద్యోగాలు ఎలా ఇస్తారో తెలుసుకుంటే దొంగ ఇట్టే దొరికిపోతాడు.

క్యాబిన్ క్రూ సంగతే చూడండి. మనిషిని ఎదురుగా చూడకుండా ఆ ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. ఎత్తు కొలుస్తారు, మాట తీరు, నడక గమనిస్తారు, ఆ తర్వాత వైద్య పరీక్షలు. దుబాయ్ విమాన సంస్థ ఎమిరేట్స్ వాళ్లయితే కనీసం 21 ఏళ్లు నిండాలంటారు, మునివేళ్ల మీద నిలబడి చెయ్యెత్తితే 212 సెంటీమీటర్ల ఎత్తు అందాలంటారు. విమానంలో అత్యవసర సామాను పైన ఉంటుంది కదా, దాన్ని అందుకోవాలి. దీన్ని ఫోన్‌లో ఎలా కొలుస్తారో ఆ మేనేజర్ గారే చెప్పాలి.

గ్రౌండ్ స్టాఫ్, లోడర్ ఉద్యోగాలకు ఇంకో మెట్టుంది. శంషాబాద్ కానీ, గన్నవరం కానీ, రేణిగుంట కానీ, విమానాశ్రయం లోపల పని చేయాలంటే ఎంట్రీ పాస్ కావాలి. అది పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ పరిధిలోది. దానికి దరఖాస్తు పెట్టేది మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్న సంస్థ. మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని పోలీసు విచారణ కూడా జరుగుతుంది. ఇదంతా మీరు ఎంపికయ్యాక జరిగే పని. ఎవరిదో యూపీఐ నంబరుకు "గేట్ పాస్ చార్జీ", "పోలీస్ వెరిఫికేషన్ ఫీజు" పంపమన్నారంటే అక్కడితో మాట ఆపేయొచ్చు.

డబ్బు అడిగే వరస కూడా దాదాపు ఒకటే. మొదట రిజిస్ట్రేషన్ పేరుతో ఓ వెయ్యో, రెండు వేలో. అంత చిన్న మొత్తం పోయినా పర్లేదులే అనుకుంటాం, వాళ్లకు కావాల్సిందీ అదే. కట్టారంటే మీరు కట్టే మనిషని తెలిసిపోతుంది. తర్వాత యూనిఫారం, మెడికల్, ట్రైనింగ్, శాలరీ అకౌంట్. అన్నిటికీ "రీఫండబుల్" అనే ముద్దు పేరొకటి. మొదటి జీతంతో కలిపి తిరిగిస్తామంటారు. సాయంత్రం 5 లోపు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుందని టెన్షన్ పెడతారు, ఇంట్లోవాళ్లతో మాట్లాడే టైమివ్వరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉద్యోగానికి డబ్బడిగేవాళ్లంతా దొంగలేనని గుడ్డిగా పట్టుకుంటే ప్రభుత్వ రంగంలో నిజమైన నోటిఫికేషన్‌ను కూడా వదిలేసుకుంటారు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్షలకు అప్లికేషన్ ఫీజు ఉంటుంది, దాన్ని అప్లై చేసేటప్పుడు వాళ్ల సైట్‌లోనే కడతాం. విమానాశ్రయాల్లో గ్రౌండ్ పనులు చూసే ప్రభుత్వ సంస్థ ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ వాక్-ఇన్ నోటిఫికేషన్లలో రూ.500 ఫీజును డిమాండ్ డ్రాఫ్టుగా అడుగుతూ వచ్చారు, ఎస్సీ, ఎస్టీ, మాజీ సైనికులకు మినహాయింపు. ఆ ఫీజు నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది, ఎంపికకు ముందు తీసుకుంటారు, సంస్థ పేరు మీదే తీసుకుంటారు. ఎంపికయ్యారని చెప్పాక, ఎవరో వ్యక్తి ఖాతాకు అడిగారంటే మోసమే. ఇండిగో, ఎయిర్ ఇండియా లాంటి సంస్థలు ఉద్యోగానికి డబ్బు తీసుకోబోమని ముందే ప్రకటించాయి. అన్నట్టు, పైలట్ శిక్షణ ప్రోగ్రాములకు లక్షల్లో కట్టించుకుంటారు కదా అని అడుగుతారు కొందరు. అది చదువు ఖర్చు, ఈ లెక్కలోకి రాదు.

లెటర్ నిజమో కాదో తేల్చుకోవడానికి అందులో ఉన్న నంబరుకే ఫోన్ చేస్తారు చాలామంది. దొంగను దొంగవా అని అడిగినట్టే. అందులోని నంబరు, లింకు పక్కన పెట్టి, సంస్థ అసలు సైటు మీరే టైప్ చేసి తెరవండి. కెరీర్స్ పేజీలో ఆ పోస్టు, ఆ ఊరు ఉన్నాయా చూడండి. సైటు పేరు చివరిదాకా చదవాలి. గోఇండిగో డాట్ ఇన్ అసలుది. గోఇండిగో పక్కన చిన్న గీత పెట్టి జాబ్స్ అనో, హైరింగ్ అనో తగిలిస్తే అది ఎవరి సైటైనా కావచ్చు. ఇంకా అనుమానముంటే, అసలు నేనీ ఉద్యోగానికి ఎప్పుడు అప్లై చేశాను అని గుర్తు చేసుకోండి. జాబ్ పోర్టల్‌లో రెజ్యూమే పెట్టినవాళ్ల వివరాలు చేతులు మారుతుంటాయి. అందుకే మీ పేరు, మార్కులు, నాన్న పేరు అన్నీ వాళ్లకు తెలిసే ఫోన్ వస్తుంది.

డబ్బు కట్టకపోయినా కాగితాలు పంపేశాం అనేవాళ్లు జాగ్రత్త. "శాలరీ అకౌంట్" పేరుతో మీ ఆధార్, పాన్‌తో ఖాతా తెరిపించి, ఏటీఎం కార్డు, సిమ్ వాళ్లే ఉంచుకుంటే ఇంకొకరిని మోసం చేసిన డబ్బు మీ ఖాతాలోకి వచ్చి పడుతుంది. పోలీసులు ముందుగా వచ్చేది మీ ఇంటికే. ఆధార్ ఇవ్వక తప్పనప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైటులో చూసుకోవచ్చు.

గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో ఉద్యోగమంటే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటులో ఉందో లేదో చూడాలి. 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు సర్వీస్ చార్జీ రూ.30,000, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడికెళ్లాక మారుస్తాం అంటే వద్దు. వేరే ఉద్యోగాల పేరు చెప్పి థాయిలాండ్, కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాల డెన్‌లలో పడేసినవాళ్లలో మన విశాఖ వైపు పిల్లలు కూడా ఉన్నారు.

డబ్బు ఇప్పటికే పోయిందా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, రేపటికి వాయిదా వేయకండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటేలోపు ఆపగలిగితేనే లాభం. యూపీఐ లావాదేవీకి 12 అంకెల నంబరుంటుంది, అది దగ్గర పెట్టుకోండి. తర్వాత నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయండి, బ్యాంకుకు చెప్పండి. సిగ్గుపడి చాట్ మొత్తం డిలీట్ చేస్తుంటారు పిల్లలు, సాక్ష్యమంతా అందులోనే ఉంటుంది.

ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకు "మీ డబ్బు వెనక్కి వచ్చింది, ప్రాసెసింగ్ ఫీజు కడితే వేస్తాం" అని మళ్లీ ఫోన్లు వస్తాయి. డబ్బు మన ఖాతాలో పడటానికి మనం ఫీజు కట్టే పనీ లేదు, పిన్ కొట్టే పనీ లేదు. ఆ అమ్మాయికీ మూడు వారాలకు అలాంటి ఫోనే వచ్చింది. ఈసారి ఫోన్ ఎత్తింది వాళ్లమ్మ.