ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టారా? అందులో ఉన్న ఈమెయిల్ ఎవరిదో చూసుకోండి

మామిడికాయలు మార్కెట్లోకి దిగాయంటే ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లకు ఏడాది సంపాదన మొదలైనట్టే. సరిగ్గా ఈ సమయంలోనే గుంటూరు వైపు నాకు తెలిసిన ఒకావిడకు దెబ్బ తగిలింది. ఏళ్ల తరబడి ఆవిడ అమ్ముతున్న పేరు ఇంకొకరి రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ అని ఫిర్యాదు రావడంతో, ఒక షాపింగ్ సైట్ రాత్రికి రాత్రి ఆవిడ సరుకంతా తీసేసింది. "మేం ఎప్పుడో అప్లై చేశాం కదండీ" అని ఆవిడ నంబరు చూపించారు. ఆ నంబరు ట్రేడ్‌మార్క్‌లు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం, అంటే రిజిస్ట్రీ, సైట్లో కొడితే స్టేటస్ దగ్గర ఒకే మాట: అబాండన్డ్. దరఖాస్తును మనమే వదిలేసుకున్నట్టు లెక్క. లోపలి కాగితాలు తెరిస్తే రిజిస్ట్రీ పంపిన అభ్యంతరం కనిపించింది. అది వెళ్లింది ఫారం నింపిన కుర్రాడి ఈమెయిల్‌కి. అతను ఆ పని మానేసి చాలాకాలమైంది.

జీఎస్టీ, ఉద్యమ్, ఫుడ్ లైసెన్స్ ఉన్నంత మాత్రాన పేరు మనది కాదని ఇప్పుడు చాలామందికి తెలుసు. అది వదిలేస్తున్నాను.

మనుషుల్ని ముంచే తప్పు

నేను చూసినవాటిలో ఎక్కువ పేర్లు పోయింది ఒకే కారణంతో. దరఖాస్తు నంబరు రాగానే పని అయిపోయిందనుకుంటారు, డబ్బా మీద టీఎం అని వేసుకుంటారు, ఇక అటు చూడరు. అసలు పని అక్కడినుంచే మొదలవుతుంది.

దరఖాస్తును ఎగ్జామినర్ చూసి అభ్యంతరం ఉంటే రిపోర్టు పంపుతారు. అది అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టు తీసుకోవచ్చు. జవాబు సరిపోకపోతే హియరింగ్ పెడతారు, దానికీ మనవైపు మనిషి హాజరు కావాలి. ఇవన్నీ దాటితే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో వేస్తారు. వేసిన 4 నెలల్లోపు ఎవరైనా అపోజిషన్, అంటే ఈ పేరు ఇవ్వొద్దని అభ్యంతరం, వేయవచ్చు. ఆ నోటీసు అందిన 2 నెలల్లో మనం కౌంటర్, అంటే దానికి జవాబు, వేయాలి. ఈ 2 నెలల గడువుకు పొడిగింపు లేదు. కౌంటర్ పడకపోతే అవతలివాడి వాదనలో పస ఉందా లేదా అని కూడా ఎవరూ చూడరు, మన దరఖాస్తు పోతుంది.

ఈ కబుర్లన్నీ ఎక్కడికి వస్తాయి? దరఖాస్తులో రాసిన ఈమెయిల్‌కి. 2017 నాటి రూల్స్ ప్రకారం ఈమెయిల్ పంపితే అందినట్టే. "నేను చూడలేదండీ" అంటే నడవదు. 2016 మార్చిలో రిజిస్ట్రీ కొద్ది రోజుల్లోనే లక్షకు పైగా దరఖాస్తులను జవాబు రాలేదని అబాండన్డ్ చేసేసింది. నోటీసే అందలేదని చాలామంది మొత్తుకున్నారు. అప్పట్లో ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చింది. మీ ఒక్క దరఖాస్తు పోతే అలాంటి స్టే దానంతటది రాదు.

పేరును అవతలివాళ్లకంటే ముందునుంచీ వాడుతున్నవాళ్లకు ట్రేడ్‌మార్క్ చట్టంలో సెక్షన్ 34 రక్షణ ఉన్న మాట నిజమే. కానీ అది సాక్ష్యాలతో నిరూపించుకోవాలి, కోర్టులో తేలాలి. షాపింగ్ సైట్ అంతవరకు ఆగదు. అవతలివాళ్ల సర్టిఫికెట్ చూస్తుంది, మీ సరుకు తీసేస్తుంది. సీజన్ రెండు నెలలే.

అందుకే ఈ రోజే రిజిస్ట్రీ వాళ్ల ఐపీ ఇండియా సైట్లో మీ నంబరు కొట్టి చూడండి. స్టేటస్ "ఆబ్జెక్టెడ్" అని ఉంటే పక్కనున్న డాక్యుమెంట్లు తెరిచి ఎగ్జామినేషన్ రిపోర్టు తేదీ చూడండి. "అపోజ్డ్" అని ఉంటే ఆ రోజే లాయర్ దగ్గరికి వెళ్లండి. దరఖాస్తు కాపీలో ఈమెయిల్, ఫోన్ నంబరు ఎవరివో చూడండి. మీవి కాకపోతే మార్పించండి. ఏజెంటు ఎంత మంచివాడైనా సరే.

పేరు, క్లాసు

సరుకుల్ని, సేవల్ని రిజిస్ట్రీ క్లాసులుగా విడదీస్తుంది. పచ్చళ్లు 29వ క్లాసు. కారప్పొడులు, స్వీట్లు 30. హోటల్ అయితే 43. పచ్చళ్లకు తీసుకున్న రిజిస్ట్రేషన్ చూసుకుని రేపు టిఫిన్ సెంటర్ పెట్టేస్తే ఆ పేరుకు అక్కడ అదే రక్షణ ఉందనుకోకండి. ప్రతి క్లాసుకూ వేరే ఫీజు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000.

సరుకు పేరునే బ్రాండ్ చేసుకోవాలనే ఆశ వదులుకోండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, బందరు లడ్డూకు అంతకుముందే ఉంది. అవి ఆ ఊరి తయారీదారులందరివీ, ఏ ఒక్కరి ట్రేడ్‌మార్కూ కావు. "స్పెషల్ గోంగూర" లాంటి పేర్లూ అంతే, సరుకును వర్ణించే పేరని సెక్షన్ 9 కింద అభ్యంతరం దాదాపు ఖాయం. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం పెంచితే వేరే పేరు అయిపోదు, పలికినప్పుడు ఎలా వినిపిస్తుందో కూడా చూస్తారు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

ఏళ్లుగా అమ్ముతూ ఫారంలో "ప్రపోజ్డ్ టు బి యూజ్డ్" (ఇకముందు వాడబోతున్నాం) అని పెట్టకండి. మీ పాత వాడకాన్ని మీ చేత్తోనే చెరిపేసుకున్నట్టు. తర్వాత మార్చుకోవడం దాదాపు కుదరదు. మొదలుపెట్టిన తేదీ వేసి, అఫిడవిట్, రుజువులు జతచేయండి.

మొదటి బిల్లు, మొదటి లేబుల్, పాత పాంప్లెట్, ప్రింటింగ్ ప్రెస్ రసీదు పారేయకండి.

దరఖాస్తు డిజైనర్ పేరు మీద వద్దు. బావమరిది పేరు మీద వద్దు. డిస్ట్రిబ్యూటర్ పేరు మీద అసలు వద్దు.

పార్ట్‌నర్‌షిప్ అయితే, విడిపోతే పేరు ఎవరిదో డీడ్‌లో ముందే రాయించండి.

పేరుకొకటి, లోగోకొకటి వేరువేరుగా వేయండి. లోగో ఏటా మారుతుంది, పేరు మారదు.

సర్టిఫికెట్ రాకముందు వృత్తంలో ఆర్ గుర్తు వేయకండి. అది చట్టరీత్యా తప్పు.

"మీ మార్క్ రిజెక్ట్ అవుతోంది, ఇప్పుడే డబ్బు పంపండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. స్టేటస్ మీరే చూసుకోండి.

అమెరికాకో దుబాయ్‌కో పంపుతున్నారా? ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. బయటి దేశాల్లో నమోదు కోసం ఉన్న మాడ్రిడ్ అనే అంతర్జాతీయ పద్ధతిలో 2013 నుంచి ఇక్కడినుంచే అడగవచ్చు. అక్కడి డీలర్ "నేను చూసుకుంటా" అంటే ఒప్పుకోకండి.

జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది. మీ పేరుకు దగ్గరగా ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అపోజిషన్ వేయడానికి మీకూ 4 నెలలే.

రెన్యువల్ 10 ఏళ్లకు. లెక్క దరఖాస్తు తేదీ నుంచి, సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజునుంచి కాదు. గడువు దాటితే 6 నెలల వరకు అదనపు ఫీజుతో కట్టవచ్చు. గుర్తుచేస్తూ వచ్చే కబురు కూడా ఆ ఈమెయిల్‌కే వస్తుంది. ఎవరిది ఆ ఈమెయిల్?

ఫోన్ నంబరు మార్చారా, రిజిస్ట్రీలో మార్చండి. ఏజెంటును మార్చారా, పాత ఈమెయిల్ తీయించండి.

ఇప్పటికే అబాండన్డ్ అయి ఉంటే సీజన్ అయ్యాక చూద్దాం అనుకోకండి. పాత దరఖాస్తును బతికించే వీలుందేమో లాయర్‌ని అడగండి, ఈలోపు కొత్త దరఖాస్తు వేసేయండి. అందులో వాడకం మొదలైన అసలు తేదీ, పాత బిల్లులు, మీ సొంత ఈమెయిల్ ఉండాలి.