మింగడం కష్టమైన వారికి ఆహారం: ముందు చిక్కదనం, ఆ తరువాతే పోషకాలు

పక్షవాతం వచ్చిన వారు, పార్కిన్సన్స్ జబ్బు ముదిరిన వారు మింగలేకపోతున్నారని గమనించగానే ఇంట్లోవాళ్లు గట్టి ఆహారం మాన్పించి మజ్జిగ, చారు, పలుచటి జావ పట్టిస్తుంటారు. గొంతు కండరాలు పట్టు తప్పిన వారికి ఎక్కువ ప్రమాదం ఆ పలుచటి ద్రవాలతోనే, ఎందుకంటే అవి చప్పున జారి, శ్వాసనాళం మూసుకునేలోపే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెట్టగలవు. అన్నవాహిక సన్నబడిన వారికి మాత్రం గట్టి ముద్దే అడ్డుపడుతుంది. అందువల్ల నిమ్స్‌లోనో, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనో, మరెక్కడైనా చికిత్స పొందుతున్నవారు ముందు తమ వైద్యుణ్ణి అడిగి, స్పీచ్ థెరపిస్టు చేత పరీక్ష చేయించుకుని, ఎంత చిక్కగా ఇవ్వాలో తెలుసుకోవాలి.

ఆ చిక్కదనాన్ని ఇంట్లోనే కొలవవచ్చు. సున్నా నుంచి 10 వరకు గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉన్న 10 మి.లీ. సిరంజిలో, కొనను వేలితో మూసి, ద్రవాన్ని 10 గీత వరకు నింపి, వేలు తీసి 10 సెకన్లు కారనిచ్చి, మళ్లీ మూయండి. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే అది చిక్కదనంలో మొదటి స్థాయి, 4 నుంచి 8 మిగిలితే రెండవది, అంతకు మించి మిగిలినా కొంతైనా కారితే మూడవది. రాగి జావ చల్లారితే చిక్కబడుతుంది కనుక, తాగించే వేడిలోనే కొలవాలి. ఎంగిలి చెంచాను మళ్లీ మళ్లీ గిన్నెలో ముంచితే లాలాజలం జావలోని పిండిపదార్థాన్ని విరిచి పలుచన చేస్తుంది. కాబట్టి కొద్దికొద్దిగా వేరే గిన్నెలోకి తీసుకుని తినిపించాలి.

ద్రవమూ ముద్దా కలిసిన పదార్థాలను వీరి నోరు ఒకేసారి సంబాళించలేదు. సాంబారులో తేలే ఇడ్లీ, చారన్నం, చాయ్‌లో సగం నానిన ఉస్మానియా బిస్కెట్ ఈ కోవలోనివే. ఇష్టమైన చాయ్‌ని పూర్తిగా మాన్పించనక్కరలేదు, థెరపిస్టు సూచించిన పొడితో చిక్కబరిచి ఇవ్వవచ్చు. రంజాన్ నెలలో దొరికే హలీమ్‌లో గోధుమ, పప్పు, మాంసం, నెయ్యి ఉంటాయి కాబట్టి కొంచెం తిన్నా బలమే; ఎముకలు, వేయించిన ఉల్లిపాయలు, ఆకులు తీసేసి, మిక్సీలో నున్నగా రుబ్బి, పంటికి అంటుకోకుండా వేడి చారుతో సడలించి ఇవ్వాలి.

వీరు తినేది కొద్దిగానే ఉంటుంది కనుక ఆ కొద్దిలోనే శక్తిని చేర్చాలి. చెంచా నెయ్యి సుమారు 45 క్యాలరీలు; పాలపొడి, మెత్తగా చిదిమిన ఉడికిన గుడ్డు, పెసరపప్పు గుజ్జు మాంసకృత్తులనిస్తాయి. చిక్కబరిచిన నీళ్లను చాలామంది తక్కువగా తాగుతారు, కాబట్టి మూత్రం ముదురు రంగులో ఉందేమో గమనించండి. మాత్రలను నూరేముందు ఫార్మసిస్టును అడగాలి.

నిటారుగా కూర్చోబెట్టి తినిపించి, తరువాత అరగంటసేపు అలాగే ఉంచాలి. గొంతు తడిగా పలకడం, తిన్నాక జ్వరం రావడం ప్రమాద సూచనలు. దగ్గు లేనంత మాత్రాన పొలమారలేదని అనుకోరాదు. వారం వారం బరువు తగ్గుతుంటే వైద్యులు ముక్కు గుండా పొట్టలోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్, అవసరం వారాల తరబడి సాగేలా ఉంటే నేరుగా పొట్టకే అమర్చే పెగ్ ట్యూబ్ సూచిస్తారు. ట్యూబ్ ఉన్నా లాలాజలం లోపలికి జారుతూనే ఉంటుంది కనుక, రెండు పూటలా నోరు శుభ్రం చేయడం మానకూడదు.