పిడుదు కరిస్తే: మన సీమ నుంచి కనెక్టికట్ వైపు వచ్చినవారికి

అనంతపురంలో మే నెల ఎండలకు తాళలేరని అమ్మానాన్నలను ఇక్కడికి, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి, పిలిపించుకుంటాం. ఇక్కడ సరిగ్గా అప్పుడే పిడుదుల కాలం. కర్నూలు, కడప, అనంతపురం నుంచి కొత్తగా కాపురం పెట్టినవాళ్లు బ్యాంకు ఖాతా, లైసెన్సు పనులతో పాటు దీన్ని కూడా తెలుసుకోవాలి.

పిడుదు మనకు కొత్త కాదు. ఎద్దుల చెవుల్లో, గొర్రెల ఒంటిమీద చూసిందే. కానీ లైమ్ జబ్బు తెచ్చే నల్లకాళ్ల పిడుదు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది. కరిచినా నొప్పి తెలియదు. రాలిన ఆకుల్లో, గడ్డి అంచుల్లో, ఇంటి పెరట్లో కూడా ఉంటుంది.

జబ్బుకు అసలు కారణం దాని కడుపులో ఉండే బొరేలియా బర్గ్‌డార్ఫెరి అనే బ్యాక్టీరియా. స్క్రూలా మెలితిరిగి ఉంటుంది. 1970ల మధ్యలో ఇక్కడి లైమ్ ఊరి చుట్టుపక్కల పిల్లలకు మోకాళ్లు వాస్తుంటే, తల్లులు పట్టుబట్టి అడిగినందుకే పరిశోధన మొదలైంది. బ్యాక్టీరియాను కనుక్కున్న విలీ బర్గ్‌డార్ఫర్ బృందం 1982లో ఆ సంగతి ప్రకటించింది. అది అడవి ఎలుకల ఒంట్లో ఉంటుంది. వాటి రక్తం తాగిన పిడుదుకు ఎక్కుతుంది. ఆ పిడుదు మనల్ని పట్టుకుని సాధారణంగా ఒక రోజుకు పైగా ఉంటేనే మనకు అంటుతుంది. కాబట్టి బయట తిరిగొచ్చిన ప్రతిసారీ చంకలు, గజ్జలు, మోకాలి వెనక, తల వెంట్రుకల్లో వెతకండి.

కనిపిస్తే మన ఊళ్లోలాగా కిరసనాయిలు పూయవద్దు, అగ్గిపుల్ల అంటించవద్దు. సన్న మొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనుకుని పట్టుకుని నిటారుగా లాగేయండి. ఒక రోజుకు పైగా పట్టుకుని ఉందనిపిస్తే, దాన్ని తీసేసిన 72 గంటల్లోపు డాక్టరును కలవండి. కొందరికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఇస్తారు.

మా అమ్మకు మోకాలి వెనక మచ్చ వచ్చింది. విజిటర్ ఇన్సూరెన్స్‌లో చేతి నుంచి ఎంత కట్టాలో అని ఆమె నాలుగు రోజులు నాకు చెప్పలేదు. మొదట చూపించిన క్లినిక్‌లో తామర అని ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపారు. లైమ్ జబ్బుకు గుర్తుగా ఫోటోల్లో చూపించే ఎర్రటి వలయం మన చామనఛాయ చర్మం మీద అలా కనపడకపోవచ్చు. కమిలినట్టు, ముదురు రంగులో ఉండవచ్చు. రోజురోజుకూ పెద్దదవడమే అసలు గుర్తు. కరిచిన 3 నుంచి 30 రోజుల్లో ఇది వస్తుంది, కొందరికి అసలు రాదు. జ్వరం, నీరసం, ఒళ్లు నొప్పులు తోడవచ్చు.

రెండో డాక్టరు మచ్చ చూసి రక్తపరీక్ష కోసం ఆగకుండానే మందు రాశారు. అదే సరైన పద్ధతి. ఆ పరీక్ష వెతికేది జబ్బును ఎదిరించడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి తయారు కావడానికి వారాలు పడుతుంది కాబట్టి మొదట్లో పరీక్ష నెగెటివ్ రావచ్చు. మందు డాక్సీసైక్లిన్, రోజుకు రెండుసార్లు, 10 రోజులు. అది పడనివారికి అమాక్సిసిలిన్ 14 రోజులు. అంత ఖరీదైన మందులేమీ కావు, ఈ మాట పెద్దవాళ్లకు ముందే చెప్పండి. డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకోకూడదు. ఎండకు చర్మం త్వరగా మండుతుంది.

ఆలస్యమైతే మూతి వంకర పోవచ్చు, గుండె లయ తప్పవచ్చు, నెలల తర్వాత మోకాలు వాయవచ్చు. అప్పుడూ యాంటీబయాటిక్సే వాడతారు, కానీ ఎక్కువ రోజులు, ఒక్కోసారి సెలైన్‌లో ఇంజెక్షన్లు.

అమ్మానాన్నలు తిరిగి వెళ్లాక జ్వరం వస్తే అనంతపురంలో డాక్టరు మలేరియా, డెంగీ, టైఫాయిడ్ చూస్తారు. లైమ్ అక్కడివారి ఊహకు రాదు, రావాల్సిన అవసరమూ ఉండదు. అందుకే అమెరికాలో పిడుదు కరిచిందని, ఏ తేదీన కరిచిందో ఒక చీటీ మీద రాసి వాళ్ల మందుల సంచిలో పెట్టి పంపండి. మచ్చ ఉంటే దాని ఫోటో వాట్సాప్‌లో పెట్టండి.