గ్రాఫిక్స్ కార్డు కొనేముందు కోర్ల లెక్క ఒక్కటే చూడకండి

హనుమకొండలో గ్రాఫిక్స్ కార్డు కొనబోయే తమ్ముళ్లూ, కోర్లు (కార్డు చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఎక్కువుంటే స్పీడ్ ఎక్కువని తొందరపడకండి. ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో 3584 కోర్లు, దాని తర్వాతి తరం 4060లో 3072 మాత్రమే. అయినా చాలా గేముల్లో 4060దే పైచేయి. తరం మారింది, క్లాక్ స్పీడ్ (కోర్లు పనిచేసే వేగం), క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ) పెరిగాయి. కోర్ల లెక్క ఒకే తరం కార్డుల మధ్యే పనికొస్తుంది. కరెంటు కూడా 170 వాట్లకు బదులు 115 చాలు, వేడి తక్కువ, మన ఎండలకు ఇది చిన్న విషయం కాదు.

కానీ ఏఐ మోడళ్లు నడపాలంటే మెమరీ ముఖ్యం, 8 జీబీ 4060 కన్నా 12 జీబీ 3060 నయం. బిల్లు రాయించే ముందు డబ్బా మీద 12 అని ఉందో లేదో చూడండి. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, దాని మెమరీ బస్ (మెమరీకి, చిప్‌కి మధ్య డేటా నడిచే దారి వెడల్పు) 192 బిట్లు కాదు, 128 మాత్రమే.