వీధిలో రామనవమి పందిరి: రాట వేసిన రోజు నుంచి గోతులు పూడ్చేదాకా

గుళ్ళో కల్యాణమైతే గుడివాళ్ళు చూసుకుంటారు. వీధిలో కల్యాణానికి రాట దగ్గర్నుంచి పానకం గ్లాసు దాకా అన్నీ వీధివాళ్ళ మీదే. గోదావరి జిల్లాల్లో రామనవమి పందిరి లేని ఊరు కనపడదు కానీ, చందాల్లో పెద్ద వాటా మైకుకీ లైట్లకీ పోయి, మిగిలిందాంతో నీడా నీళ్ళూ చూసే వీధులే ఎక్కువ. ఈ లెక్క తిరగెయ్యాలి. ముహూర్తం మిట్టమధ్యాహ్నం, పైన చైత్రమాసపు ఎండ. నీడ, గాలి, గొంతు తడి సరిగ్గా అమిరితే జనం తలంబ్రాల దాకా కదలరు. అమరకపోతే జీలకర్ర బెల్లానికే పందిరి సగం ఖాళీ.

కింది లెక్కలన్నీ రోజు మొత్తం మీద 500 మంది వచ్చిపోయే వీధికి. మీ వీధి చిన్నదైతే ఆ మేరకు తగ్గించుకోండి.

ముందు క్యాలెండరు, తర్వాత కాగితాలు

నవమి ఒక ఏడు మార్చి ఆఖర్లో, ఒక ఏడు ఏప్రిల్ మధ్యలో వస్తుంది. 2023లో మార్చి 30, 2024లో ఏప్రిల్ 17, 2025లో ఏప్రిల్ 6. డెల్టాలో ఈ తేడా చిన్నది కాదు. ఏప్రిల్‌లో పడితే దాళ్వా (రబీ వరి) కోతలు అడ్డొస్తాయి, పందిరి వేసే మనుషులూ దొరకరు, ఆకు తోలే ట్రాక్టరూ దొరకదు. కాలవలు కట్టేసే రోజులూ అవే, కాబట్టి వాడకం నీళ్ళు ముందే చూసుకోవాలి. పందిరివాళ్ళకి ఉగాదికి పదిహేను రోజుల ముందే బయానా ఇచ్చేయండి. ఉగాది నాడు మంచి గంట చూసి ఈశాన్యం మూల పసుపు రాసి, మామిడాకులు కట్టి రాట వేస్తే మిగతా పందిరి రెండు రోజుల్లో లేస్తుంది.

కాగితాలు మూడు. స్థలానికి పంచాయతీ లేదా మున్సిపాలిటీ, మైకుకి పోలీస్ స్టేషను, తాత్కాలిక కనెక్షనుకి కరెంటాఫీసు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. హరికథో బుర్రకథో పెట్టుకుంటే 7 గంటలకే మొదలెట్టించండి. వీధి మొత్తం మూసేస్తూ పందిరి వెయ్యొద్దు. అంబులెన్సు పట్టేంత, పది పన్నెండు అడుగుల దారి పక్కనో వెనక వీధిలోనో ఉండాలి. ఆ దారిలో మోటారు సైకిళ్ళు పెట్టనివ్వని మనిషి కూడా ఒకడుండాలి.

పందిరి

కొలత 60 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు చాలు. వేదికకి 10 అడుగులు పోగా మిగిలిన వెయ్యి చదరపు అడుగుల్లో 160 మంది ఇరుకు లేకుండా కూర్చుంటారు. 500 మందీ ఒకేసారి రారు.

రాటలకి సరుగుడు కర్రలు, పైన పరవడానికి వెదురు బొంగులు. పది అడుగులకొక రాట, వరసకి 7, మూడు వరసలు, మొత్తం 21. మధ్య వరస అడ్డంగా ఉందని తీసేయమంటారు, ఒప్పుకోవద్దు. ఇరవై అడుగులు ఆసరా లేకుండా పోయిన బొంగు ఆకు బరువుకి మూడో రోజుకే కిందికి వంగుతుంది. పైగా ఆ వరస వెంబడే నడిచే దారి వదిలితే ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క సర్దుకుని కూర్చుంటారు. పక్క రాటలు 12 అడుగులవైతే మధ్యవి 13 అడుగుల పైచిలుకు ఉండాలి. అప్పుడే రెండు పక్కలకీ వాలు వస్తుంది, అకాల వర్షం పడినా నీళ్ళు నిలవవు.

బంకమట్టి నేలలో రెండడుగుల గొయ్యి చాలు. అంతర్వేది, అల్లవరం వైపు ఇసక నేలల్లో మూడడుగులు తవ్వాల్సిందే, లేకపోతే రాట గాలికి ఊగి ఊగి గొయ్యిని వెడల్పు చేస్తుంది. ఇప్పుడు చాలా వీధులు సిమెంటు రోడ్లు. రోడ్డు పగలగొట్టకుండా ఇనప డబ్బాల్లో రాట నిలబెట్టి, తడి ఇసక పోస్తూ కూరండి. పొడి ఇసక పట్టు ఇవ్వదు. డబ్బాలు వాడితే నాలుగు మూలల రాటలకీ పక్కనున్న గోడకో చెట్టుకో తాడు లాగి కట్టడం తప్పనిసరి.

కట్టడానికి కొబ్బరి తాడే మేలు, నైలాను తాడు ముడి జారుతుంది. తాడు ఒక గంట నానబెడితే మెత్తబడి ముడి బిగుతుగా కూర్చుంటుంది. బొంగుల మీద రెండడుగులకొకటి చొప్పున అడ్డ బద్దలు కట్టి, ఆకు పరవడం అంచు నుంచి మొదలెట్టి శిఖరం వైపు వెళ్ళాలి, పెంకులు పరిచినట్టు. కింద వరస ఆకుని పై వరస సగం దాకా కప్పాలి. పై నుంచి కిందికి పరిస్తే చూడ్డానికి అంతా ఒకటే గానీ, నాలుగు చినుకులు పడగానే నీళ్ళు ఆకు కిందికి దూరి సరిగ్గా పంతులుగారి నెత్తిన కారతాయి.

తాటాకైతే కొట్టిన వెంటనే పరవొద్దు. నాలుగైదు రోజులు బరువు పెట్టి అణిచి ఆరబెట్టాలి, పచ్చి ఆకు పందిరి మీద ముడుచుకుపోయి సందులు పడతాయి. కోనసీమలో అల్లిన కొబ్బరి మట్టలు సులువుగా దొరుకుతాయి. నీడ చల్లగా ఉంటుంది, కాకపోతే రెండు పొరలు వెయ్యాలి. షామియానా, రేకులు వద్దు. ఎండకి అవి కాగి ఆ సెగ కిందికే కొడతాయి, ఆకు సందుల్లోంచి వేడి పైకి పోతుంది.

పడమర వైపు తడికలు కట్టండి, ఒంటిగంట దాటాక ఎండ అటునుంచే లోపలికి వస్తుంది. దక్షిణం వైపు మాత్రం తెరిచి ఉంచాలి, మధ్యాహ్నం సముద్రపు గాలి వచ్చేది అటునుంచే. దాతల ఫ్లెక్సీ తెచ్చి సరిగ్గా దక్షిణం వైపే కడతారు. గాలి ఆగిపోవడం ఒకటైతే, గాలివాన వచ్చిందంటే ఆ ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి రాటల్నే లాగేస్తుంది. ఫ్లెక్సీలు పక్క గోడలకి కట్టమనండి.

కరెంటు, నిప్పు

తొమ్మిది రోజులు ఎండిన ఆకు అగ్గిపుల్ల కోసం ఎదురు చూస్తున్నట్టే. 2023 నవమి నాడు తణుకు దగ్గర దువ్వలో చలువ పందిళ్ళు అంటుకున్నాయి. ఉగాదికి పచ్చగా ఉన్న కొబ్బరాకు కూడా నవమికి గలగలలాడుతూ ఉంటుంది, మొదటి రోజు భరోసా ఆఖరి రోజుకి పనికిరాదు.

వైర్లు ఆకుకి అడుగు కిందగా, రాటల మీదుగా రావాలి. అతుకులు పందిరి లోపల ఉండకూడదు. హాలోజన్లు వేడెక్కుతాయి, ఎల్ఈడీలే పెట్టండి. స్తంభం మీద కొక్కెం వేసి కరెంటు లాగడం దొంగతనం కావడం ఒక్కటే కాదు, షార్టయినా ఆపడానికి చేతికందే స్విచ్ ఉండదు. బోర్డుకి ఎమ్‌సీబీ (షార్టయితే తనంతట తానే పడిపోయే స్విచ్), దాని పక్కనే కరెంటు కట్టేసే మనిషి, రెండూ కావాలి. కర్పూర హారతి పళ్ళెం ఆకు దగ్గరికి పైకెత్తొద్దు. టపాకాయలు పందిరికి దూరంగా, గాలి వెళ్ళే వైపు. మధ్యలో రెండుచోట్ల నీళ్ళ డ్రమ్ములు, నాలుగు బకెట్లు, ఇసక బస్తా ఉంచండి. ఆ డ్రమ్ముల్లో నీళ్ళు చేతులు కడుక్కోవడానికి వాడేస్తారు, పొద్దున్నా సాయంత్రమూ చూసి నింపాలి.

పానకం

మనిషికి 150 మిల్లీలీటర్లు వేస్తే 75 లీటర్లు. దీనికి బెల్లం 12 కిలోలు, నీళ్ళు 68 లీటర్లు, మిరియాలు 150 గ్రాములు, శొంఠి 75, యాలకులు 60, పచ్చకర్పూరం శనగగింజంత.

పసుపు పచ్చగా మెరిసే బెల్లం మందు వేసి తెల్లబరిచినది కావచ్చు, ముదురు గోధుమ రంగుది తీసుకోండి. పొద్దున ఏడింటికి దంచి 20 లీటర్ల నీళ్ళలో వెయ్యండి, గంటన్నరలో కరుగుతుంది. ముందు రాత్రే కలిపి పెట్టేస్తే వేడికి మధ్యాహ్నానికల్లా పులుపు తిరుగుతుంది. కరిగాక ఒకసారి జల్లెడలో, ఇంకోసారి పలచటి తెల్లగుడ్డలో వడకట్టండి. గుడ్డలో మిగిలే చెరుకు పీచూ ఇసకా చీమలూ చూస్తే రెండోసారి ఎందుకో ఎవరికీ చెప్పక్కర్లేదు. వడకట్టాకే మిగతా నీళ్ళూ పొడులూ వెయ్యాలి. మిరియాలు బరకగా దంచాలి, మెత్తటి పొడి గొంతులో మండుతుంది. బరక అడుక్కి చేరుతుంది కాబట్టి గ్లాసు నింపే ప్రతిసారీ అడుగు నుంచి కలిపి తియ్యాలి. లేకపోతే మొదట వచ్చినవాళ్ళకి బెల్లం నీళ్ళు, ఆఖరున వచ్చినవాళ్ళకి మిరియాల కషాయం.

నీళ్ళు రుచి చూసి పొయ్యండి, తీరపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పదనం బెల్లంలోనూ తెలిసిపోతుంది. కళాయి లేని ఇత్తడి గంగాళం వద్దు, స్టీలుదైనా మట్టి కుండలైనా పెట్టండి. కొత్త కుండలైతే రెండు రోజులు నీళ్ళు పోసి పారబోయాలి. ఇక ఐసు సంగతి. మన దగ్గర దిమ్మల ఐసు చాలావరకు చేపలూ రొయ్యలూ ప్యాకింగు చేసేవాళ్ళ కోసం తయారయ్యేది, తాగే నీళ్ళతో చేసిందనే నమ్మకం లేదు. దాన్ని పానకంలో వెయ్యొద్దు. పెద్ద తొట్టిలో ఐసు పోసి, అందులో పానకం గుండిగ దింపండి, అంతే చల్లబడుతుంది.

పిల్లలు మూడేసి గ్లాసులు తాగుతారు. అందుకని ఇంకో 3 కిలోల బెల్లం దంచి, పొడులతో సహా పక్కన పొడిగా ఉంచుకోండి. అవసరమైతే 17 లీటర్ల నీళ్ళలో అప్పటికప్పుడు కలుపుకోవచ్చు. మంచినీళ్ళు వేరే, మనిషికి లీటరు, అంటే 20 లీటర్ల టిన్నులు 25.

వడపప్పుకి పెసరపప్పు 7 కిలోలు. కడిగి గంట, గంటంబావు నానబెట్టి, పూర్తిగా వార్చి గుడ్డ మీద ఆరబోయండి. మూడు నాలుగు గంటలు నానితే జిగట, ఆపైన వాసన. మామిడికాయ ముక్కలు, కొబ్బరి కోరు, పచ్చిమిర్చి ముందే కలపొచ్చు. ఉప్పు మాత్రం దొప్పల్లో పెట్టేముందే, లేకపోతే నీరు ఊరి దొప్ప తడిసి ఊడిపోతుంది.

కల్యాణం

పువ్వులకి కడియపులంక, అరటి చెట్లకీ గెలలకీ రావులపాలెం, కొబ్బరికాయలకి అంబాజీపేట. నవమి ముందు రోజు వెళ్తే ధర వాళ్ళు చెప్పిందే, మూడు రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. పువ్వులు రాగానే ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి తడి గోనె మీద పరవాలి, సంచిలో చెమటపట్టి కుళ్ళుతాయి.

తలంబ్రాలకి నూకలు లేని బియ్యం 5 కిలోలు, పసుపు 100 గ్రాములు, రెండు చెంచాల నెయ్యి. పసుపు నీళ్ళలో కలపొద్దు, బియ్యం తడిసి బూజు పడుతుంది. నెయ్యి చేతికి రాసుకుని పసుపు పట్టించి నీడలో ఆరబెట్టి, ముత్యాలు కలపండి. భద్రాద్రి తలంబ్రాల్లో గులాల్ కూడా వేస్తారు, అందుకే అవి ఎర్రగా కనపడతాయి. ఓపిక ఉన్నవాళ్ళు, భద్రాద్రి తలంబ్రాల కోసం ఒలిచే కోరుకొండ భక్తుల్లా గోటితో వడ్లు ఒలుచుకోవచ్చు, కానీ 5 కిలోలు ఒలవాలంటే ఉగాదికి చాలా ముందే కూర్చోవాలి. పుస్తెలు రెండు చాలు. భద్రాచలంలో రామదాసు చేయించినదానితో కలిపి మూడు కడతారు.

వీధి కల్యాణాల్లో ముహూర్తం తప్పేది ఎక్కువగా లెక్క తెలియకే. ముహూర్తమంటే పూజ మొదలయ్యే వేళ కాదు, జీలకర్ర బెల్లం పెట్టే వేళ. దానికి ముందు విష్వక్సేన పూజ, పుణ్యాహవాచనం, కంకణధారణ, మధుపర్కం, ప్రవర, కన్యాదానం అన్నీ అవ్వాలి, గంటన్నర పడుతుంది. ముహూర్తం 12 గంటలకైతే పంతులుగారు పదింటికే పీటల మీద ఉండాలి. ఆ రోజు ఆయనకి నాలుగు వీధులు ఒప్పుకోలు ఉంటాయి, మీది ఎన్నోదో ఉగాదికి ముందే అడగండి. అడ్డుతెర, మెట్టెలు, బాసికాలు, వాటిని పెట్టే పళ్ళెం, అన్నీ ఒకే బుట్టలో సర్ది ఒకే మనిషికి అప్పగించండి. దాతల పేర్లు చదవడం తలంబ్రాలు అయ్యాకే. ముందు చదివితే ఒక్క పేరు మరిచిపోయినా ముహూర్తం దగ్గర గొడవ.

దశమి నాడు

ఆకు ముందు దింపి అదేరోజు తోలించెయ్యండి. పోగు పెట్టి రేపు చూద్దామంటే అది ఎవడో బీడీ పడేసే దాకా ఉంటుంది. చందాల లెక్క ఆ సాయంత్రమే మైకులో చదివి, రసీదు పుస్తకం చూపించి, మిగిలింది ఎవరి దగ్గర ఉందో చెప్పండి. రాటలు పీకిన ప్రతి గొయ్యీ మట్టితో నింపి, నీళ్ళు పోసి దిమ్మిస కొట్టాలి. మొత్తం 21, లెక్కపెట్టి మరీ చూసుకోండి. వదిలేసిన ఒక్క గోతిలోనే చీకట్లో సైకిలు చక్రం పడేది.